తాగలేదు, అలసిపోయాను

ఇంటావిడకి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, మన గడుగ్గాయీ, మీ అక్కయ్యా, బావగారూ బాగున్నారని తలుస్తాను. ఉత్తరమన్నాక ఇలాగే మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను గానీ, నేను క్షేమమో కాదో చెప్పడం ఈ మధ్య నాకే కష్టంగా ఉంది. జ్వరం లేదు, దెబ్బలు లేవు. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి పర్వాలేదన్నాడు. తాగుడు మానేసి ఇవాళ్టికి అరవై ఏడు రోజులు. అయినా పొద్దున్నే మంచం దిగాలంటే ఎవరో నా గుండెల మీద కూర్చుని లేవనంటున్నట్టు ఉంటుంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగు ప్రశ్నలు వేశావు. వరసగా చెబుతాను. కోపంగా ఉన్నానని మాత్రం ముందే తెలుసుకో. నీ మీద కొంచెం, మిగతా లోకం మీద చాలా. కాస్త గొంతు పెంచి చదువుకుంటే నేను ఎదురుగా కూర్చుని అరుస్తున్నట్టే ఉంటుంది.

వేళకి తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం క్యాంటీన్లో భోజనం, సాయంత్రం ఇంటికొచ్చి ఏదో ఒకటి ఉడకేసుకోవడం. ఇవి కాక చిన్నపిల్లాడిలా తీపి మీద యావ పట్టుకుంది. కుట్టు మిషన్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ళు నా జేబులో బిస్కెట్ల పొట్లం చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఇదివరకు అదే జేబులో ఏం ఉండేదో వాళ్ళందరికీ తెలుసు. అప్పుడు మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

వంటగదిలో కుళాయి బాగుచేయించావా అన్నది రెండోది. నేనే చేశాను. మూడు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం పానా పట్టుకుని సింకు కింద దూరి, అక్కడే నిద్రపోయాను. రెండో ఆదివారమూ అంతే. మూడోసారి ముందే రెండు గంటలు పడుకుని లేచి, అప్పుడు దూరాను. ఇప్పుడు చుక్క కారడం లేదు. నవ్వితే నవ్వు, ఈ నెలలో నేను మొదలుపెట్టి పూర్తిచేసిన పని అదొక్కటే.

మూడో ప్రశ్న దగ్గరే నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం ఆరున్నరకే లైటు ఆర్పేస్తున్నావట, తలుపు తట్టినా పలకడం లేదట, మళ్ళీ మొదలుపెట్టావా అని రాశావు. ఆ కబురు నీకు ఎవరు మోశారో తెలుసు. కింది వాటా ఆవిడే. ఏళ్ళ తరబడి నేను మెట్ల మీద పడుతూ లేస్తూ వచ్చాను. ఒకసారి మన తలుపనుకుని ఆవిడ తలుపు తాళంలో అరగంట చెవి తిప్పాను. అప్పుడు నీకు చెప్పాలని ఆవిడకి తోచలేదు. మంచాయన, కష్టపడతాడు, ఏదో అలవాటు అని సర్దుకుంది. ఇప్పుడు నేను పిల్లిలా మెట్లెక్కి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, తిని పడుకుంటుంటే ఆవిడకి అనుమానం వచ్చి నీకు ఫోను చేసింది.

ఆవిడొక్కతే అయితే పోనీ అనుకుందును. మీ తమ్ముడి సంగతి చూడు. ఒకే బట్టల వర్క్‌షాపులో, నా కోత బల్లకి నాలుగడుగుల దూరంలో ఇస్త్రీ చేస్తాడు. రోజుకి మూడుసార్లు "టీ తాగావా బావా" అంటూ మొహంలో మొహం పెడతాడు. టీ తాగానో లేదో తెలుసుకోవడానికి ముక్కుతో పనేమిటి? నేను నిజంగా తాగిన రోజుల్లో నా వాసన ఎవ్వరికీ రాలేదు. మానేశాక లోకంలో ఉన్న ముక్కులన్నీ నా మీదే ఉన్నాయి.

డాక్టరు గదిలో ఒక పోస్టరు ఉంది. మందు మానేసినవాడు తెల్లారుజామున సూర్యుడికి ఎదురుగా పరిగెత్తుతున్నట్టు బొమ్మ. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. నాకా బొమ్మని చింపెయ్యాలనిపించింది. ఇన్ని రోజులు మానేస్తే నాకు కనీసం నడవాలని కూడా అనిపించడం లేదు, వీడెవడు పరిగెత్తడానికి? డాక్టర్ని అదే అడిగాను. ఆయన నవ్వకుండా చెప్పాడు. "ఇన్నేళ్ళూ నువ్వు నిద్రపోయావనుకుంటున్నావు. నిద్రపోలేదు, స్పృహ తప్పావు. ఇప్పుడిప్పుడే నిద్రపోతున్నావు." ఒంట్లో ప్రతి అవయవమూ మళ్ళీ మొదటినుంచీ పని నేర్చుకోవాలట. కొందరికి ఈ అలసట నెలల్లో తగ్గుతుందట, కొందరికి ఏడాది పడుతుందట. ఈ మాట మానెయ్యకముందే ఎందుకు చెప్పలేదన్నాను. చెబితే మానేసేవాడివా అన్నాడు. ఆ మాటకి ఇంకా కోపం వచ్చింది.

సైకిళ్ళ షాపు మీద గదిలో వారానికి రెండు రోజులు మేం మానేసినవాళ్ళం కూర్చుంటామని రాశాను కదా, అక్కడ అందరికంటే పెద్దాయన ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాడట. లెక్కల మాస్టారనే పిలుస్తాం. ఆయన మానేసి పదహారేళ్ళు. అలసటకి ఆయన చెప్పిన మందు వింటే నీకు నవ్వొస్తుంది. నీళ్ళు తాగు, వేళకి తిను, రోజూ వీధి చివరిదాకా నడిచి వెనక్కి రా, నిద్రొస్తే పడుకో, పడుకున్నందుకు సిగ్గుపడకు. ఇంతేనా అంటే ఇంతేనన్నాడు. నేను ఆరున్నరకి లైటు ఆర్పడం ఆ మందులో భాగం. కింది వాటా ఆవిడకి ఇది నువ్వే చెప్పు. నేను చెబితే వాసన చూస్తుంది.

ఇంకో మాట. ఫోను వద్దు, ఉత్తరాలే రాయమన్నావు. నా గొంతు నిన్ను మాయ చేస్తుందనీ, తాగిన చేతిరాత మాత్రం ఎక్కడున్నా పోల్చుకుంటాననీ అన్నావు. ఒప్పుకున్నాను. అయితే ఈ కాగితం మీద గీతలు కిందికి జారుతున్నాయి, నాకే కనబడుతోంది. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి, కిటికీ పక్కన, చల్లటి నీళ్ళతో మొహం కడుక్కుని మరీ రాస్తున్నాను. అయినా చెయ్యి జారుతోంది. తాగిన చేతికీ అలసిన చేతికీ తేడా నీకు తెలుస్తుందో లేదోనని భయంగా ఉంది.

ఇంతసేపూ ఇవన్నీ చెప్పి అసలు సంగతి దాస్తున్నానని నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. వచ్చే శనివారం మీ తమ్ముడు అక్కడికి వస్తున్నాడు. ఇంకా ఫోనులో చెప్పలేదంటే ఒకటే కారణం, వాడు చెడ్డ కబురు ఎదురుగా కూర్చుని, టీ పెట్టించుకుని చెబితేనే తృప్తిపడే రకం. వాడికంటే ముందు ఈ ఉత్తరం నీకు చేరాలి. అందుకే రేపు పొద్దున్నే పోస్టు చేస్తాను.

గురువారం ఆసుపత్రి సిబ్బంది చొక్కాల ఆర్డరు కోతకి వచ్చింది. బల్ల మీద ఎనభై వరసల గుడ్డ పరిచాం. పై వరస మీద చొక్కా కొలతల అట్టలు పెట్టి సుద్దతో గీసుకుని, మిషనుతో ఎనభై వరసలూ ఒకేసారి కోస్తాం. చొక్కా చేతికి అట్ట ఒక్కటే ఉంటుంది. ఒకసారి గీసి, దాన్ని తిరగేసి పక్కన మళ్ళీ గీయాలి. అప్పుడు ఒకటి ఎడమది, ఒకటి కుడిది వస్తాయి. ఈ పనిలో చేరిన మొదటి వారం నేర్పే సంగతి ఇది. ఇరవై రెండేళ్ళు నేను తాగి గీశాను, తూలుతూ గీశాను, ఒకోసారి ఏం గీశానో గుర్తులేకుండా కూడా గీశాను. ఒక్కసారీ అట్ట తిరగెయ్యడం మర్చిపోలేదు. గురువారం భోజనాలయ్యాక, కళ్ళు తెరుచుకునే ఉన్నాను, మర్చిపోయాను.

నూట అరవై చేతులు కోశాను. నూట అరవయ్యీ ఎడమ చేతులే. ఆ గుడ్డకి నునుపు ఒకవైపే ఉంటుంది, తిప్పి కుట్టడానికీ లేదు. మొదటి చొక్కా కుడుతున్న ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, వాటిని పక్కపక్కన పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఓనరు తన గదిలోంచి వచ్చాడు.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. చేతులు చూశాడు, నన్ను చూశాడు, చాలా నెమ్మదిగా అడిగాడు.

"తాగావా?"

ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను. నేను అవునన్నాను.

"కొంచెం, సార్" అన్నాను. ఒక్క చుక్క ముట్టుకోలేదు. అరవై నాలుగో రోజు. అయినా అలా అన్నాను.

ఎందుకన్నావని నువ్వు అడగకముందే నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. అలసిపోయాను సార్ అనడానికి నాకు నోరు రాలేదు. పొద్దున ఎనిమిదికి వచ్చి మధ్యాహ్నం రెండింటికి అలసిపోయానని మగాడెవడైనా పదిమందిలో చెబుతాడా? నేనేం రాళ్ళు మోశానని? తాగానంటే మాత్రం అందరికీ అర్థమవుతుంది. తాగినవాడిని ఏం చెయ్యాలో అక్కడ అందరికీ తెలుసు. అనుకున్నట్టే జరిగింది. నేను ఆ మాట అనగానే గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఓనరు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంటికెళ్ళి పడుకో, రేపు చూద్దాం అన్నాడు. మీ తమ్ముడు నాకు టీ తెచ్చిచ్చి, నాకు ముందే తెలుసులే బావా అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడనుకున్నావు! మానేసిన రెండు నెలల్లో నాతో ఒక్కరూ అంత ప్రేమగా మాట్లాడలేదు. తాగితే ముద్దు, మానేస్తే అనుమానం. ఇదెక్కడి న్యాయమో నువ్వే చెప్పు.

ఇది సగమే. మిగతా సగం మీ తమ్ముడికి కూడా తెలియదు, నేను చెప్పకపోతే నీకు ఎప్పటికీ తెలియదు. అయినా చెబుతున్నాను. ఆ రోజు బయటికి వచ్చాక ఇంటి వైపు నడవలేదు. పాత దారి పట్టాను. పేరు ఎలాగూ వచ్చేసింది, తాగని తాగుడికి నింద మోయడం దేనికి, తాగేస్తే పోతుంది కదా అనిపించింది. ఆ బ్రాందీ షాపు నీకు తెలుసు. మందుల దుకాణం దాటాక మలుపు తిరిగి, ఇంకో రెండు వందల అడుగులు. మలుపు దాకా వెళ్ళాను. అక్కడ బస్టాపు బెంచీ ఉంది. కాళ్ళు పీకేస్తున్నాయి. కాసేపు కూర్చుని వెళ్దామనుకుని కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను. ఎవరో పెద్దావిడ, బస్సు వచ్చింది బాబూ అని లేపింది. ఏ బస్సో చూడకుండా ఎక్కాను. అది మన వీధికి వచ్చే బస్సే.

మనసు గట్టిగా పెట్టుకుని వెనక్కి తిరిగానని నీకు చెప్పుకోవాలని ఎంత ఉందో. నిన్నూ పిల్లనీ తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నానని రాస్తే నీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. అదేం జరగలేదు. ఆ రెండు వందల అడుగులు వెయ్యడానికి ఓపిక లేక తాగలేదు. ఇన్నాళ్ళుగా తిట్టిపోస్తున్న ఈ అలసటే ఆ రోజు నన్ను బెంచీ మీద కూలేసి కాపాడింది. అప్పటినుంచీ దాన్ని మునుపటిలా తిట్టలేకపోతున్నాను.

శుక్రవారం లెక్కల మాస్టారికి ఇదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన ఒకటే అడిగాడు, తాగానని చెప్పినప్పుడు ఎలా అనిపించిందని. చాలా హాయిగా అనిపించిందన్నాను. "ఆ హాయికి భయపడు" అన్నాడు. "సీసాకంటే అదే ప్రమాదం."

నిన్న పొద్దున ఓనరు గదిలోకి వెళ్ళి, తలుపు వేసి చెప్పాను. నేను తాగలేదు సార్, రెండు నెలలుగా తాగడం లేదు, అలసిపోయి తప్పు చేశాను, తాగానని చెప్పింది అబద్ధం అన్నాను. ఆయన నా మొహం చూశాడు. వాసన చూడలేదు, అందుకు ఆయనకి రుణపడి ఉంటాను.

"తాగితే రేపటికి దిగుతుంది" అన్నాడు. "నీ అలసట ఎప్పుడు దిగుతుంది?"

"తెలీదు సార్. ఏడాది పట్టొచ్చంటున్నారు."

"ఏడాదిపాటు ఆ మిషను నీ చేతిలో ఎలా పెట్టమంటావు? ఇవాళ గుడ్డ పోయింది. రేపు వేళ్ళు పోతే?"

అక్కడే నాకు మండిపోతోంది. తూలుతూ కోసినప్పుడు ఇరవై రెండేళ్ళు నా వేళ్ళ గురించి ఎవరూ అడగలేదు. ఒళ్ళు తెలివిలో ఉండి నిజం చెప్పిన రోజు నా వేళ్ళు గుర్తొచ్చాయి. పైగా ఆయన అన్నది తప్పా అంటే తప్పు కాదు. ఆ కత్తి ముందు కునుకు తీస్తే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు?

నన్ను కోత బల్ల నుంచి దించేశాడు. రేపటినుంచి దారాల పని. కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు చిన్న కత్తెరతో తీసెయ్యడం. కిటికీ పక్కన నలుగురు ఆడవాళ్ళు కూర్చుని చేస్తారు, అయిదో కుర్చీ నాది. కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చే పని. మళ్ళీ నా కళ్ళు నా మాట వినేరోజు వస్తే బల్ల దగ్గరికి రమ్మన్నాడు, అంతవరకూ ఆ చోటు నాకోసం ఉంచుతానని మాత్రం అనలేదు. గదిలోంచి వచ్చి నా సుద్దముక్కలు, టేపు తీసుకుంటుంటే అందరూ నావైపే చూశారు. తాగలేదని చెప్పినందుకు దించారు. తాగినందుకు దించారని వర్క్‌షాపంతా అనుకుంటోంది. మీ తమ్ముడు నీకు ఆ రెండో కథే చెబుతాడు. వాడు అబద్ధమాడుతున్నాడని నేనను. వాడు చెవులారా విన్నది నా అబద్ధమే, నేను నిజం చెప్పినప్పుడు తలుపు వేసి ఉంది.

నేను తాగలేదు. ఈ మాట ఇంతకుముందు నీకు కొన్ని వందలసార్లు చెప్పాను, దాదాపు అన్నిసార్లూ తాగే చెప్పాను. నిజం చెప్పడానికి వేరే మాట ఏదైనా ఉంటే అది వాడేవాణ్ణి. అబద్ధానికి అరగదీసిన ఈ మాటే నిజానికీ మిగిలింది. తప్పు నీది కాదు, అరగదీసింది నేనే. అయినా నువ్వు నమ్మకపోతే నాకు కోపం వస్తుంది. వచ్చే హక్కు లేదని తెలుసు, అయినా వస్తుంది.

ఇక నాలుగో ప్రశ్న. తొంభై రోజులు నిండితే మీరిద్దరూ తిరిగి వస్తారన్నది మనం అనుకున్న మాట. పిల్ల బడి ఫారం నెలాఖరులోగా ఇవ్వాలి, ఇక్కడి బడి పేరు రాయనా, అక్కడిదే ఉంచనా అని అడిగావు. గురువారం దాకా అయితే ఇక్కడిదే రాయమని ఎగిరి గంతేసి చెప్పేవాణ్ణి. మీరు రావాలని నాకు ఎంతుందో చెప్పడానికి ఈ కాగితం చాలదు. కానీ వస్తే ఎవరి దగ్గరికి వస్తారో తెలుసుకుని రండి. సాయంత్రం ఇంటికి రాగానే పిల్లని భుజాల మీద ఎక్కించుకుని గంతులేసేవాడు, నలుగురిలో జోకులేసి నిన్ను సిగ్గుపడేలా నవ్వించేవాడు ఇక్కడ లేడు. వాడి హుషారంతా సీసాలోది. ఇక్కడున్నవాడు ఆరున్నరకి పడుకుంటాడు. పిల్ల కథ చెప్పమంటే మూడో మాటకి గురకపెడతాడు. దారాలు తీసే పని చేస్తాడు. సరదా మనిషి కాదు. ఇలా ఎన్నాళ్ళో చెప్పలేడు. నాన్న ఎందుకు మాట్లాడడని మన గడుగ్గాయి అడిగితే, అలసిపోయాడని చెప్పు. ఈ ఒక్క ఇంట్లోనైనా ఆ మాట సిగ్గులేకుండా చెప్పుకుందాం.

నువ్వు పంపిన ఫారం మీద తండ్రి సంతకం పెట్టి ఇందులోనే ఉంచాను. బడి పేరు దగ్గర ఖాళీ వదిలాను. అది నువ్వే రాయి. ఏది రాసినా దెబ్బలాడను. కొన్నాళ్ళు కోపంగా ఉంటాను, అంతే.

ఒకవేళ వస్తే, తలుపు తట్టాక కాస్త ఆగు. ఇప్పుడు మంచం దిగి తలుపు దాకా రావడానికి నాకు చాలాసేపు పడుతోంది. మళ్ళీ మొదలుపెట్టాడనుకుని మెట్లు దిగి వెళ్ళిపోకు. లేస్తాను.

ఇట్లు,
తాగని, నిద్ర తీరని
నీ మొగుడు